పిడి మీద పంటిగాట్లు

నా మిక్సింగ్ టేబుల్ మీద, రెండు స్పీకర్ల మధ్య, మూడు వారాలుగా ఒక పాత స్క్రూడ్రైవర్ ఉంటోంది. మూరెడు పొడుగు. ఇనుప కడ్డీ నల్లబడిపోయింది. చెక్క పిడి మాత్రం చేతి చెమటకి నునుపుదేలి చింతగింజ రంగుకొచ్చింది. ఆ పిడి చివర పైనా కిందా పంటిగాట్లున్నాయి. స్టూడియోకి వచ్చినవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం వాయిద్యం మేడమ్?" అంటారు. ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్ళ గదిలో ఏ వస్తువు కనపడినా అది వాయిద్యమే అయ్యుంటుందని జనం నమ్మకం. ఆ తప్పు మాదే. కుక్కర్ కూతనీ కుట్టుమిషన్ చప్పుడునీ కూడా వదలకుండా పాటల్లోకి లాక్కొచ్చాం మరి. "మా నాన్నది," అని మాత్రం చెప్పి దాన్ని మళ్ళీ దాని చోట పెట్టేస్తున్నాను.

ముప్పై ఏళ్ళుగా పాటలు రాసి, కట్టి, మిక్స్ చేసి బతుకుతున్నాను. ఇంటర్వ్యూలకొచ్చే పిల్లలందరూ తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి చేరతారు. మీ పాటల్లో అడుగు శబ్దం, అదే బేస్, ఎందుకంత బరువుగా ఉంటుంది, కారులో పెడితే సీటు కిందనుంచి వస్తుంది, చెవి కన్నా ముందు కడుపుకి తెలుస్తుంది, అని. అడిగిందే అడుగుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఎప్పుడూ ఇష్టంగానే జవాబు చెప్పాను. మా నాన్నకి చెవులు పోయాయి, అడుగున నడిచే శబ్దం ఒక్కటే ఆయనకి అందేది, ఆయన కూడా వినాలని అలా చేస్తాను, అని. నా మొదటి పాటని ఆయన ఒక స్క్రూడ్రైవర్ పళ్ళ మధ్య పెట్టుకుని విన్నాడని కూడా చెప్పేదాన్ని. మూడు వారాల క్రితం వరకు ఆ సంగతిలో నాకు అనుమానమే లేదు. మూడు వారాల క్రితం మా ఊరెళ్ళొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ మాత్రం, నాన్న నా పాట నిజంగా విన్నాడా, నా సంతోషం కోసం విన్నట్టు నటించాడా అన్నది తప్ప ఇంకో ఆలోచన లేదు.

చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉన్న జిన్నింగ్ మిల్లు మాది. మాది అంటే, నాన్న అందులో ఫిట్టరు, మేం దాని క్వార్టర్లలో ఉండేవాళ్ళం, అంతే. పత్తి నుంచి గింజని విడదీసి, దూదిని బేళ్ళు కట్టి లారీలకెత్తడం ఆ మిల్లు పని. పత్తి వచ్చే నెలల్లో గాల్లో ఎప్పుడూ నూగు తేలుతుండేది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడితే, ఆ వెలుగులో నూగు పైకీ పోకుండా కిందకీ దిగకుండా ఉన్నచోటే నిలబడి ఉండేది. చిన్నప్పుడు నేను గంటల తరబడి దాన్ని చూస్తూ పడుకునేదాన్ని. నా బాల్యం ఎప్పుడు గుర్తొచ్చినా ఆ వెలుగులోనే గుర్తొస్తుంది, అందులో ఎవరూ తొందరగా నడవరు. అమ్మ పెరుగు గిన్నె మీదా, అన్నం తపేలా మీదా, మంచినీళ్ళ బిందె మీదా తడిగుడ్డ కప్పేది. అయినా ముద్దలో ఎక్కడో ఒక దూదిపోగు నాలుక్కి తగిలేది. "మింగెయ్, కడుపులో చొక్కా కుట్టుకుంటావు," అనేది అమ్మ. కాలిన ఆయిలు వాసన, మిషన్ల తోలు రోలర్ల వాసన, గింజల కుప్ప దగ్గర పచ్చి వేరుశనక్కాయల్లాంటి కమ్మటి వాసన. మాఘమాసం వచ్చేసరికి వీటన్నిటి మీదా మిరపకాయల ఘాటు వచ్చి కూర్చునేది. గుంటూరు యార్డుకి మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకుని లారీ పోయిందంటే, దాని వెనకాల మా క్వార్టర్లు ఈ చివర నుంచి ఆ చివరకి వరసగా తుమ్మేవి.

ఇక చప్పుడు సంగతి. ఇరవై నాలుగు జిన్ను మిషన్లు రెండు వరసల్లో ఒకేసారి కొట్టుకునేవి. ఆ చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకది చప్పుడులా ఉండేది కాదు, ఇంటి గోడలా ఉండేది. వానాకాలం మిల్లు ఆగితేనే నాకు నిద్రపట్టేది కాదు. మిల్లు మొత్తం కలిసి ఐదేసి అడుగులు వేస్తూ ఎక్కడికో నడుస్తున్నట్టు నాకు వినపడేది. నిజంగా అలా ఉండేదో, నేనే అల్లుకున్నానో తెలియదు. అక్కడ ఎవరూ మెల్లగా మాట్లాడరు. మాట్లాడితే పక్కవాడికి అందదు, అలవాటైపోయాక ఇంట్లో కూడా గొంతు దిగదు. పక్క క్వార్టరు అమ్మాయిని చూడ్డానికి ఒంగోలు నుంచి పెళ్ళివాళ్ళొస్తే, కాఫీలో పంచదార సరిపోయిందా అని పిల్ల తండ్రి అడిగిన తీరుకి, వాళ్ళు ఏదో గొడవైందనుకుని కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఆ సంబంధం కుదిరింది కూడా. పెళ్ళిలో మగపెళ్ళివారు మాతో అరిచి మాట్లాడటం నేర్చుకునే వచ్చారు.

నాన్న పేరు కోటయ్య. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఉదయం కాఫీ తాగగానే రెండు అరచేతులకీ కొబ్బరినూనె పట్టించుకునేవాడు, సాయంత్రం గ్రీజు తేలిగ్గా వదలడానికి. అందుకని నాన్న దగ్గర పొద్దున కొబ్బరినూనె వాసన, సాయంత్రం గ్రీజు వాసన. స్క్రూడ్రైవర్‌ని నడుం వెనకాల బెల్టులో దోపుకుని మిల్లులోకి వెళ్ళేవాడు. కడ్డీ మొనని మిషన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకునేవాడు. లోపల బేరింగు ఎలా తిరుగుతోందో ఆ కడ్డీ వెంటే చెవిలోకి వస్తుంది. ఇది ఫిట్టర్లందరూ చేసేదే. నాన్న చెప్పే పద్ధతే వేరు. "మూడోది దాహంగా ఉంది." "ఎనిమిదోది పళ్ళు కొరుకుతోంది." "పన్నెండోదానికేం లేదు, ఊరికే గొణుగుతోంది, వదిలెయ్యండి." ఆ మాటలు విన్నాక నాకు మిషన్లన్నీ ఇంట్లో మనుషుల్లా అనిపించేవి, వాటిలో నాకు ఇష్టమైనవీ ఇష్టం లేనివీ ఉండేవి.

ఇంటర్మీడియెట్‌లో చేరాక నాకు ఒంటిపూట కాలేజీ. మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళడం నా పని. పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. తినే ముందు నాన్న నన్ను వెంటబెట్టుకుని ఒక వరస తిరిగేవాడు. పిడి నా చెవికి ఆనించి, "ఏమంటోందో చెప్పమ్మాయ్," అనేవాడు. నేను చెబితే తలాడించేవాడు. మొదట్లో అదొక ఆట. కొన్నాళ్ళకి ఆయన చెవికి ఆనించుకోవడం తగ్గింది, నా చెవికి ఆనించడం ఎక్కువైంది. నాకు విద్య నేర్పుతున్నాడని మురిసిపోయాను.

ఒకరోజు ఏడో మిషన్ దగ్గర బెల్టు జారిపోయింది. ఆ మిషన్‌లో పత్తి వేసే నాగరత్నం అత్త అప్పుడే మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళింది. నాన్న అలవాటు ప్రకారం నడిచొస్తూనే కళ్ళు మూసుకుని, కడ్డీ ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. రోలర్లు కదలడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను. నాన్న చిన్నగా నవ్వి, "వెన్నలా తిరుగుతోందమ్మా," అన్నాడు.

చుట్టూ ఇరవై మూడు మిషన్లు కొట్టుకుంటున్నాయి, నాకు మాత్రం అంతా ఆగిపోయినట్టనిపించింది. నాన్న చెయ్యి పట్టుకుని రోలర్ మూత మీద పెట్టాను. ఆయన కళ్ళు తెరిచాడు. మిషన్‌ని చూడలేదు, నన్ను చూశాడు. "బెల్టు జారినట్టుంది," అన్నాడు మామూలుగా, కిందికి వంగి పనిలో పడ్డాడు. అమ్మ ఎప్పట్నుంచో, "మీ నాన్నకి నా మాటంటే లెక్కలేదు, పిలిస్తే పలకడు," అని సాధిస్తుండేది. మొగుళ్ళ గురించి ఆడవాళ్ళందరూ అనే మాటే కదా అని ఎవరం పట్టించుకోలేదు.

ముందటేడు చూపు తగ్గిందని, బేళ్ళు కట్టే ప్రెస్సు మేస్త్రీని మిల్లు యజమాని షావుకారు గారు పంపించేశారు. వారం తిరక్కుండా వాళ్ళు క్వార్టరు ఖాళీ చేసి, పరుపుచుట్టలు ట్రక్కులో వేసుకుని పోవడం నేను చూశాను. చెవులు లేని ఫిట్టర్‌ని ఎవరుంచుకుంటారు. మర్నాటి నుంచీ తిరిగేటప్పుడు నేను నాన్న ఎడమచేతి మణికట్టు పట్టుకున్నాను. ఒకసారి నొక్కితే బాగుంది, రెండుసార్లు నొక్కితే ఆయిలు కావాలి, మూడుసార్లు నొక్కితే ఆపాలి. ఇలా చేద్దామని నేను చెప్పలేదు, ఇదేమిటని ఆయన అడగలేదు. రెండో రోజుకే ఆయనకి అర్థమైపోయింది. చూసేవాళ్ళకి కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టే ఉండేది. ఈ రహస్యం మా ఇద్దరిదేనని, దాన్ని కాపాడేది నేనొక్కదాన్నేనని నాకు గర్వంగానూ ఉండేది, భయంగానూ ఉండేది. జ్వరం వస్తే కాలేజీ మానేశాను గానీ, మిల్లుకి మాత్రం వెళ్ళడం మానలేదు.

ఆ రోజుల్లోనే నాకు కీబోర్డు వచ్చింది. అమ్మ తమ్ముడు రంగారావు మావయ్యకి ఒంగోల్లో మైక్‌సెట్ దుకాణం ఉండేది. ఎవరో పాడైందని వదిలేసిపోయిన కీబోర్డు తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "పాడు చేసుకో, నష్టం లేదు, ఆల్రెడీ పాడైందే," అన్నాడు. పైన మూడు మెట్లు అసలు పలికేవి కావు. ఎడమచేతి కింద, అడుగు స్వరాల్లో ఒక మెట్టు బుద్ధిపుడితే పలికేది, లేకపోతే లేదు. సాయంత్రాలు నూగు పట్టిన మంచం మీద దాన్ని పెట్టుకుని, మిల్లు నడకని వేళ్ళలోకి తెచ్చుకోవాలని చూసేదాన్ని. ఐదు అడుగులు, మళ్ళీ ఐదు అడుగులు. అమ్మ వంటింట్లో మిరపకాయల తొడిమలు తీస్తూ, "అదేం పాటే, నడిచి నడిచి కాళ్ళు పీకుతున్నట్టుంది," అనేది. నాకు మాత్రం ఆ నడకలో నిద్రకీ మెలకువకీ మధ్య ఏదో చోటు దొరికేది. ఈ రోజుకీ నేను పాట కట్టేది ఆ చోట కూర్చునే.

పొన్నూరులో ఒక పెళ్ళికి మావయ్య మైక్‌సెట్ పెట్టాడు. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే ఆయన రాకపోతే నన్ను కూర్చోబెట్టారు. పెళ్ళికొచ్చిన హైదరాబాదు ఆయనొకరు, అక్కడొక రికార్డింగ్ స్టూడియో నడుపుతారట, నేను రిథమ్ పెట్టే పద్ధతి విని మావయ్యని పక్కకి పిలిచారు. తమ దగ్గర రిథమ్ ప్రోగ్రామింగ్‌కి మనిషి కావాలి, పది రోజుల్లో వచ్చి చేరితే చోటుంది, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాం అన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చే బస్సులో నాకు ఒళ్ళు తెలియలేదు. పొద్దున లేవగానే తెలిసింది. మిల్లు నిండా పత్తి ఉంది, ఇంకా రెండున్నర నెలలు మిషన్లు ఆగవు. నేను పోతే నాన్న మణికట్టు ఎవరు పట్టుకుంటారు. "నేను పోను, నాకు ఆ ఊరు నచ్చదు," అన్నాను. "ఎప్పుడు చూశావే నచ్చకపోవడానికి?" అని అమ్మ దులిపేసింది. మావయ్య అలవాటుగా చేతులు తిప్పుతూ నాన్నకి గట్టిగా అంతా చెప్పాడు. నాన్న అరచేతులకి కొబ్బరినూనె పట్టించుకుంటూ విన్నాడు, మిల్లుకి వెళ్ళిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం క్యారేజీ పెట్టి ఎప్పటిలా ఆయన చెయ్యి అందుకోబోయాను. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్క్రూడ్రైవర్ తీసి, పిడిని చెవికి కాదు, పళ్ళ మధ్య పెట్టుకుని గట్టిగా కరిచాడు. కడ్డీ మొన మొదటి మిషన్‌కి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. తలాడించి రెండోదానికి వెళ్ళాడు. నేను వెనకాల నడిచాను. ఏడోదాని దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు ఆగాడు. నాగరత్నం అత్త తల వంచుకుని పత్తి వేస్తోంది. నాన్న పిడి నోట్లోంచి తీసి, "దీని అడుగున కుడివైపు బోల్టు వదులైంది. రెండు చుట్లు," అన్నాడు. నేను కింద కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. బోల్టు నిజంగానే వదులుగా ఉంది. నాన్న రెంచితో తిప్పాడు. సరిగ్గా రెండు చుట్లు.

"చెవులతో పనేముందమ్మాయ్," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఎముకలున్నాయి, పళ్ళున్నాయి. నువ్వెళ్ళు."

మా ఇద్దరి మధ్య ఆయన చెవుల ప్రస్తావన వచ్చింది ఆ ఒక్కసారే. నేను తేలికపడ్డాను. నాలుగో రోజు పొద్దున గోంగూర జాడీ, కారం డబ్బా పట్టుకుని బస్సెక్కాను. కారం డబ్బా మూత వదులైపోయి హైదరాబాదు చేరేదాకా బస్సంతా తుమ్మింది. క్వార్టర్లు నాతో పాటే వస్తున్నట్టనిపించింది.

స్టూడియో కష్టాలు చెప్పుకుంటూ పోతే అదో పుస్తకం. ఏడాదిన్నర వైర్లు చుట్టాను, ఇంకొకళ్ళ పాటలకి డప్పులూ చిటికెలూ పేర్చాను. ఆ తర్వాత ఒక చిన్న క్యాసెట్టులో ఒక్క పాట నన్నే రాసి కట్టుకోమన్నారు. మాటలు నావి, వరస నాది. అడుగున మిల్లు నడక పెట్టాను, ఐదేసి అడుగులు. దానికి స్టూడియో వాయిద్యాలేవీ సరిపోక, మావయ్య ఇచ్చిన పాత కీబోర్డే తెచ్చి ఒకసారి ఐదు స్వరాలు వాయించి, ఆ ముక్కనే పాటంతా మళ్ళీ మళ్ళీ తిరిగేలా పెట్టాను. ఐదో అడుగు మీద పైన ఒక చిటికె పడుతుంది.

వేసవిలో మిల్లు ఆగాక క్యాసెట్టు పట్టుకుని ఇంటికొచ్చాను. మావయ్య ఒంగోలు నుంచి పెద్ద స్పీకరు పెట్టె ఒకటి మోసుకొచ్చి వసారాలో పెట్టాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది. నాన్న అరుగు మీద కూర్చుని, కడ్డీ మొన పెట్టె చెక్కకి ఆనించి, పిడి కరిచి, కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలైంది. ఎండ తగ్గుముఖం పట్టింది. ఆ వెలుగులో ఇంకా ఎక్కడివో రెండు నూగుపోగులు తేలుతున్నాయి. పాటంతా నాన్న కదల్లేదు. అయిపోయాక పిడి తీసి, తుడిచి, "పైన ఏముందో నాకు తెలీదమ్మా," అన్నాడు. "అడుగున ఒకటి నడుస్తోంది. అది బాగుంది. నాలుగు అడుగులేసి ఒకటి ఆగుతోంది."

నేను నవ్వాను. "ఆగదు నాన్నా. ఐదూ వరసగా పడతాయి," అని వేళ్ళు చూపించాను.

"ఏమోనమ్మా. నాలుగేసి ఆగుతోంది. అక్కడేదో వదులుగా ఉంది, చూసుకో."

కట్టినదాన్ని నేను, నాకు తెలియదా అనుకున్నాను. లెక్క తప్పితేనేం, విన్నాడు కదా అనుకుని పొంగిపోయాను. అప్పట్నుంచీ ఏ పాట కట్టినా అడుగుని ఆయన కోసం దిట్టంగా వేస్తూ వచ్చాను. తర్వాత ఇల్లు మారింది, ఆయన పని మానేశాడు, చెవి మిషన్లు కొనిచ్చినా పెట్టుకోలేదు. నాలుగేళ్ళ క్రితం పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది.

పోయిన నెల మావయ్య కొడుకు ఫోన్ చేసి, మిల్లు పడగొట్టి ప్లాట్లు వేస్తున్నారు, చూసుకుంటావా అన్నాడు. వెళ్ళాను. పైకప్పు రేకులు అప్పటికే తీసేశారు. షెడ్డు నిండా ఆకాశం ఉంది. మిషన్లున్న చోట బోల్టుల గుంటలు మాత్రం రెండు వరసల్లో మిగిలాయి, గోడ మూలల్లో పాత దూది మట్టికొట్టుకుని ఉంది. నాగరత్నం అత్త అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం అదే. మేం పలకరించుకుంటుంటే జేసీబీ నడిపే అతను ఇంజిన్ ఆపి, గొడవేమోనని దిగి చూశాడు.

నాన్న మాట వచ్చింది. పళ్ళతో వినేవాడు కదత్తా, ఏడో మిషన్ బోల్టు పట్టేశాడు గుర్తుందా, అన్నాను, ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పిన ధీమాతో.

"పళ్ళతో వినేదేంటే," అంది. "ఆ బోల్టు వదులు చేసింది మీ నాన్నే. పొద్దున్నే వచ్చి రెండు చుట్లు తిప్పి, 'రత్నమ్మా, మధ్యానం దాకా దీంట్లో పత్తి తగ్గించి వెయ్యి, ఒక కన్నేసి ఉంచు, మా అమ్మాయొచ్చి చూడాల,' అన్నాడు. జన్మలో బోల్టు బిగించటమే గాని వదులు చెయ్యటం ఎరగడు."

నేను అక్కడే ఇటుకల మీద కూర్చున్నాను. "నీకు తెలుసా అత్తా, నాన్నకి వినపడదని?"

"తెలవకపోవటమేంటే. బెల్టు ఊడిన మిషన్‌కి చెవి పెట్టి నవ్వాడే, ఆనాడే నీళ్ళ కుండ కాడ్నించి చూశా. నువ్వు చెయ్యి పట్టుకుని నొక్కేది మాకు కనపళ్ళా? నువ్వెళ్ళిపోయినాక మేం ఆడోళ్ళం చూసుకున్నాం. మిషన్ తేడాగా ఉంటే ఒక చెయ్యెత్తేవాళ్ళం, ఆపాలంటే రెండు చేతులు. ఆయన అడగలా, మేం చెప్పలా."

"షావుకారు గారికి తెలిస్తే?"

"ఆయనకీ సగం చెవుడే. ఆ మిల్లులో చెవులున్నోళ్ళెవరే?" అని పళ్ళు లేని నోటితో నవ్వింది.

"ప్రెస్సు మేస్త్రీని పంపేశారుగా?"

"చూపుకి కాదు, తాగుడికి. పరువు పోయిద్దని అట్టా చెప్పారు." కుర్చీ కింద సంచీలోంచి ఈ స్క్రూడ్రైవర్ తీసి నా చేతిలో పెట్టింది. "పని మానేసేప్పుడు నాకిచ్చాడు. ఇన్నాళ్ళూ తలుపు గడియకి అడ్డం పెట్టుకున్నా. నువ్వెళ్ళినాక కూడా ఇదెప్పుడూ ఆయన నోట్లోనే ఉండేది. నువ్వెప్పుడన్నా వచ్చి చూస్తావనేమో, పిచ్చి నాన్న."

తిరుగు ప్రయాణమంతా నేను ఆ పంటిగాట్లు తడుముకుంటూ కూర్చున్నాను. నన్ను పంపడానికి నాన్న ఆడిన అబద్ధం మీద నాకు కోపం లేదు. దాని మీదే నా జీవితం నిలబడింది, కాదంటే కళ్ళు పోతాయి. కానీ పళ్ళతో వినడమే నాటకమైతే, వసారాలో ఆ సాయంత్రం కూడా నాటకమే కదా. నాలుగేసి ఆగుతోందన్న మాట, ఏదో ఒకటి చెప్పాలి గనక చెప్పిన మాటే కదా. ముప్పై ఏళ్ళు నేను కట్టిందంతా వినని మనిషికి వినిపించానా అనిపించి, కారు పక్కకి ఆపించి ఏడ్చాను.

ఇప్పటి నా స్టూడియోలో చీమ నడిచినా వినపడుతుంది. గోడలకి మెత్తలు, తలుపుకి రెండు పొరలు. పక్క గదిలో మనిషికి ఏం బాధో ఒకళ్ళకొకళ్ళం ఎరగం. ఏ శబ్దం ఎంత ఉందో తెర మీద గీతలు చెబుతాయి, చెవి పెట్టాల్సిన పనే లేదు. ఆ మిల్లులో ఎవరికీ ఏమీ వినపడేది కాదు, అయినా అందరికీ అందరి సంగతీ తెలుసు. తెలిసి ఊరుకునేవాళ్ళు. నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువుకి అటువైపు ఇరవై మంది ఆడవాళ్ళు చెయ్యి వేసి ఉన్నారు. నాకిప్పుడు అలాంటి చోటు లేదు, ఉందని అబద్ధం చెప్పలేను.

నిన్న ఉదయం నా దగ్గర పనిచేసే వర్షిణిని ఆ మొదటి పాట పాత కాపీ పెట్టమన్నాను. మిల్లు గోడ మూల నుంచి తెచ్చుకున్న దూదిని ఉండలు చేసి రెండు చెవుల్లో కుక్కుకున్నాను. వాటి మీద గట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. కడ్డీ మొన స్పీకరు పెట్టె చెక్కకి ఆనించి, పిడిని నాన్న గాట్ల మీదే కరిచాను. గ్రీజు రుచి ఇంకా ఉంది. వర్షిణి నోరు తెరుచుకుని నా వంక చూస్తోంది. చెయ్యూపి పెట్టమన్నాను.

మొదట ఏమీ లేదు. నా గుండె చప్పుడే. కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా కరిచాను. అప్పుడు దవడలోకి, అక్కణ్ణుంచి తలలోకి, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు అడుగులు పడ్డాయి. పాటలో మాటల్లేవు, గొంతు లేదు, చిటికెల్లేవు. నడక ఒక్కటే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగింది.

దూది తీసేసి మామూలుగా విన్నాను. ఐదూ వరసగా పడుతున్నాయి. "పైన శబ్దాలన్నీ తీసెయ్," అన్నాను. వర్షిణి అడుగు మాత్రం ఉంచి తెర మీద పెద్దది చేసింది. నాలుగు గుట్టలు, ఐదో చోట ఖాళీ. చిటికె పడే చోట కింద స్వరమే లేదు. పాత కీబోర్డులో బుద్ధిపుడితే పలికే ఆ మెట్టు, నేను వాయించిన రోజు పలకలేదు. చిటికె దాన్ని కప్పేసింది. స్టూడియోలో ఎవరూ వినలేదు, పాట కొన్నవాళ్ళెవరూ వినలేదు, కట్టిన నేను ముప్పై ఏళ్ళు వినలేదు.

అక్కడేదో వదులుగా ఉంది, చూసుకో, అన్నాడు. బోల్టు రోజు నటించాడు. ఆ తర్వాత ఆ కడ్డీ నోట్లోంచి తియ్యకుండా, నిజంగానే నేర్చుకున్నాడు.

వర్షిణి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఈ ఖాళీ సరిచేసేదా మేడమ్? ఒక్క నిమిషం పని."

"వద్దమ్మా, ఉండనీ," అన్నాను. "మా నాన్న విన్నది దాన్నే."